పాట రాని వేగం

చేతికి గుండె గడియారం కట్టుకోమన్నాడు మనవడు.
కట్టుకున్నాను.
అది పచ్చగా మినుకుమని
నూట అరవై ఎనిమిది చూపించిన పొద్దున
నేను నాగావళి వంతెన మీద
ఇనుప కమ్మీ పట్టుకుని వంగి ఉన్నాను,
నా చెమట చుక్క కిందున్న నీళ్ళకి
ఎప్పుడు చేరుతుందా అని చూస్తున్నట్టు.

మొదటి రోజే పరుగు. అరవై మూడేళ్ళకి.
స్టేడియంలో కుర్రాళ్ళు దాటుకుపోతుంటే
రోషం వచ్చింది, అంతే.

యాభై ఎనిమిది పెట్టెల ఇనపరాయి బండిని
కొరాపుట్ ఘాటులో నడిపిన చేతులివి.
ఎక్కుడులో మొదట్లోనే నాచ్‌లన్నీ లాగేస్తే
చక్రాలు తిరుగుతాయి, బండి కదలదు,
పట్టాల మీద ఇసక జల్లుకుంటూ కూర్చోవాలి.
ఎంతమంది కుర్ర అసిస్టెంట్లకి చెప్పానో ఈ మాట.
నా ఒంటికి చెప్పడం మర్చిపోయాను.

రాయగడలో డాక్టరమ్మ, సుభాషిణీ పాఢి,
కాగితం మీద వంకర గీతలు చూసి
కళ్ళజోడు తీసి
ముందు ఒడియాలో, తర్వాత మన తెలుగులో అంది:
"కథా కహి పారిబ, గీత గాయి పారిబ నాహిఁ.
నడుస్తూ మాట్లాడగలగాలి. పాడలేకపోవాలి.
పాట వచ్చిందా, తక్కువ. మాట రాలేదా, ఎక్కువ.
ముందు పది నిమిషాలు. వారం వారం ఐదు కలుపు.
అరగంట దగ్గర ఆగు. వారానికి ఐదు రోజులు చాలు."
ఇంత చిన్న మందుచీటీ నేనెప్పుడూ చూడలేదు.

సరే, మాట్లాడాలి.
ఎవరితో? ఏం?
ముప్పై నాలుగేళ్ళు ఇంజన్లో
నేను నోరు తెరిచిందల్లా సిగ్నళ్ళకే.
"డిస్టెంట్, పసుపు." "పసుపు."
"హోం, పచ్చ." "పచ్చ."
ఒకడు పిలవాలి, రెండోవాడు తిరిగి చెప్పాలి.
రూలు. కన్ను మూతపడకుండా.
ఇంటికొచ్చి పగలు పడుకుంటే
దమయంతి గిన్నె చప్పుడు కాకుండా తిరిగేది.
ఆ నిశ్శబ్దం నాకు విశ్రాంతి.
తనకేమిటో అడగలేదు.

ఇప్పుడు తనే చెప్పులేసుకుని పక్కకొచ్చింది.
"మాటలకేటి, కనిపించింది సెప్పు," అంది.
చెప్పాను.
"టీ బండి, పసుపు."
పొయ్యి ఇంకా అంటుకోలేదు అక్కడ.
"పసుపు," అంది నవ్వి.
"కుక్క. ఎరుపు."
"ఎరుపే. ఆగు."
"చేకగుడ మలుపు, పచ్చ."
"పచ్చ. ఆ ఇంటి మీద బూడిద గుమ్మడి కాసింది, సూసావా?"
అది రూల్లో లేదు. అయినా తిరిగి చెప్పాను:
"బూడిద గుమ్మడి."

మూడో వారం. ఇరవై నిమిషాలు.
రైల్వే కాలనీ వెనక ఎక్కుడులో
నా మాట విరిగింది. "హో... హోం..."
తను చెయ్యెత్తింది, గార్డు ఎర్రజెండాలా.
అడుగు తగ్గించాం.
ఎక్కుడులో నిమిషాలు అవే, దూరమే తగ్గుతుంది.
తగ్గనీ. లేటుకి మెమో ఇచ్చేవాడెవడు?

గడియారంలో చార్జింగు అయిపోయిన రోజు
నా మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి
పదిహేను సెకన్లు లెక్కపెట్టింది. ఇరవై ఏడు.
"నాలుగుతో హెచ్చవేయాలి," అంటున్నాను,
"నూట ఎనిమిది," అనేసింది.
నా జీతంతో నెలాఖరు దాటించిన మనిషి మరి.
ఇంకో పదిహేను సెకన్లు వేళ్ళు తియ్యలేదు.
ఆ లెక్క చెప్పలేదు.

మొన్న అరగంటకి చేరాం.
తిరుగు దారి, దిగుడు,
పేపరు మిల్లు వాసన మోసుకొచ్చే గాలి.
పక్కనుంచి ఏదో కూనిరాగం.
ముప్పై ఏడేళ్ళ కాపురంలో
ఆ గొంతు నాకు కొత్త.
డాక్టరమ్మ లెక్కలో అది తక్కువ వేగం,
నాచ్ పెంచమని నేను పిలవాలి,
తను తిరిగి చెప్పాలి.

పిలవలేదు.
ఇంకో అరడుగు తగ్గించాను.

ఆ రోజు ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది.
ఆ ఎనిమిది ఎందుకో
నోటు పుస్తకంలో రాసుకోలేదు.